పోసిన చెయ్యి, తెరిచిన ఇల్లు

ఇంటర్ ఫలితాల రాత్రి హైదరాబాద్‌లో ఒక డాబా మీద, హైస్కూలు ముగిసిన జూన్ రాత్రి బోస్టన్ శివార్లలో ఒక బేస్‌మెంట్‌లో జరిగే పార్టీలకు పోలిక ఎక్కువ. ఇక్కడా అక్కడా పదిహేడేళ్ల పిల్లలే. సీసాలు తెచ్చింది ఎవరి అన్నయ్యో. పెద్దవాళ్లు ఇంట్లోనే ఉంటారు. రేపు ఏదైనా జరిగితే “నేనేం పోయలేదు కదా” అంటారు. ఆ మాటకు రెండు చట్టాలు చెప్పే జవాబు మాత్రం ఒకటి కాదు.

మన సంగతి తెలిసిందే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 77వ సెక్షన్ ఇంకా కఠినం. 18 ఏళ్లలోపు వాళ్లకు మద్యం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. డాక్టరు రాసిస్తే తప్ప మినహాయింపు లేదు, కన్నతండ్రికి కూడా. పండగపూట పిల్లాడి నోటికి కల్లు ముంత అందించే ఇళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో అయితే శిక్ష తక్కువ: ఏడాది వరకు జైలు, రెండు వేల డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. సొంత పిల్లలను, మనవలను అక్కడి చట్టం మినహాయిస్తుంది కూడా. కానీ 21 నిండని పరాయి పిల్లల చేతిలో తన ఇంట్లో మద్యం ఉందని తెలిసీ ఊరుకుంటే, చుక్క పోయకపోయినా నేరమే. మన చట్టం పోసిన చేతిని వెతుకుతుంది, వాళ్లది ఇల్లు ఎవరిదని అడుగుతుంది. అలాగే టెక్సస్‌లో 2005 నుంచి, 18 లోపు పరాయి పిల్లలకు తమ ఇంట్లో మద్యం ఇస్తుంటే తెలిసీ ఒప్పుకున్న పెద్దవాళ్లు, ఆ మత్తు తెచ్చిన నష్టానికి పరిహారం కట్టాల్సి రావచ్చు.

రెండు చోట్లా జనం మేలుకున్నది రోడ్డు మీద నెత్తురు చూశాకే. 1980లో అమెరికాలో తాగి నడిపిన కారు పదమూడేళ్ల కూతురిని బలిగొంటే, క్యాండీ లైట్నర్ అనే తల్లి ఉద్యమం మొదలుపెట్టింది. 1984లో అమెరికా, తాగే వయసును 21 చేయని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెట్టే చట్టం చేసింది. అదే విధంగా 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడి కారు ఇద్దరు యువ ఇంజనీర్లను చంపాకే, జువెనైల్ జస్టిస్ చట్టం కింద తండ్రి మీద, బార్ల వాళ్ల మీద కేసు పెట్టిన వార్త మన ఇళ్లలో చర్చకొచ్చింది.

కన్నవారినీ వదలని మన పట్టుదల నాకు నచ్చుతుంది. డాబా మీద పోసినవాడెవడో తేలకపోతే కేసు చల్లబడే అవకాశమే నన్ను కలవరపెడుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి: ఇక్కడ నేర్చిన “నేనేం పోయలేదు కదా” అన్న ఆ ఒక్క మాట మసాచుసెట్స్‌లో కాపాడదు. ఇక్కడ కూడా కాపాడకూడదు. 77వ సెక్షన్‌లో ‘ఇచ్చినా, ఇప్పించినా’ పక్కన ‘తెలిసీ తన ఇంట్లో తాగనిచ్చినా’ అన్నది కూడా చేరాలి.