తేదీ ఉన్న పువ్వు

ఏప్రిల్ సగం గడిచినా ఎటోబికోలో ఇళ్ల ముందు గడ్డి ఇంకా చచ్చినట్టే పడి ఉంటుంది. ఒక పొద్దున ఆ గడ్డిలోంచి నీలం రంగు చిట్టి పూలు తలలు వంచుకుని బయటపడతాయి. సిల్లా అంటారు వాటిని. జానెడు ఎత్తుంటే గొప్ప. నిలబడి ఫొటో తీస్తే నేల మీద సిరా చిందినట్టు వస్తుంది తప్ప పువ్వు రాదు. మంచు కరిగి చిత్తడిగా ఉన్న నేల మీద బోర్లా పడుకోవాలి. ఫోన్‌ని తలకిందులు చేసి, లెన్సు మట్టికి ఆనేంత కిందికి దించాలి. అప్పుడు దొరుకుతుంది అసలు పువ్వు: ఆరు రేకలు, ఒక్కో రేక నడిమధ్య ముదురు గీత, లోపల నీలం పుప్పొడి. పుప్పొడి పసుపుపచ్చగానే ఉంటుందనుకునేవాళ్లు ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూసుకుని ఆశ్చర్యపోతారు. వాలిన తేనెటీగ కాళ్లకు కూడా అదే నీలం అంటుకుని ఉంటుంది.

ఇంకో రెండు వారాలకు గడ్డి పచ్చబడుతుంది, సిల్లా మాయమవుతుంది. మళ్లీ చూడాలంటే ఏడాది ఆగాలి.

1998లో టొరంటోలో కలిసిపోయేదాకా ఎటోబికో వేరే నగరం. తూర్పున హంబర్ నది, దక్షిణాన ఒంటారియో సరస్సు, వాయవ్యాన పియర్సన్ విమానాశ్రయం. ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబాల్లో తోటపని సాధారణంగా కరివేపాకు కుండీతో మొదలవుతుంది. పువ్వుల సంగతి తర్వాత వస్తుంది, ఫొటోల సంగతి ఇంకా తర్వాత. మన దగ్గర పువ్వంటే కోసేది. పూజకో, జడలోకో, గుమ్మానికో వెళ్లాల్సిందే. కోయకుండా చెట్టునే ఉంచి, వారం పాటు రోజూ దాని చుట్టూ తిరిగి చూడడం కొంతమందికి ఇక్కడే అలవాటవుతుంది. సగం అది చేతిలోని ఫోన్ చలవ. మిగతా సగం భయం: ఈ వారం చూడకపోతే పోతుంది.

ఆ భయం ఉత్తది కాదు. మార్చిలో మంచులోంచే స్నోడ్రాప్, ఏప్రిల్‌లో క్రోకస్, సిల్లా, నెలాఖరుకు ఆకు లేకుండానే పసుపుపచ్చగా విరగబూసే ఫోర్సీథియా. ఆ వెంటనే మాగ్నోలియా, చెర్రీ. మేలో తులిప్, లైలాక్. జూన్‌లో ఐరిస్, పియోనీ. జులైలో రోడ్డు పక్క కాలవల్లో నారింజ రంగు డేలిలీ. దాని ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే, రేపు తీద్దాంలే అనుకుంటే రేపు పక్క మొగ్గను తీయాలి. ఇంత గట్టిగా వంతులు వేసుకుని పూసే ఊళ్లో మంచి లెన్సు కన్నా మంచి క్యాలెండర్ ఎక్కువ పనికొస్తుందని ఈ వ్యాసకర్త నమ్మకం. ఫోన్ ప్రతి ఫొటోకీ అడక్కుండానే తేదీ రాసి పెడుతుంది. చాలామంది ఆ తేదీని ఎన్నడూ తెరిచి చూడరు. పువ్వు ఫొటోలో ఎక్కువ కాలం పనికొచ్చేది మాత్రం అదే.

ఎలాగంటే, జపాన్‌లోని క్యోటోలో చెర్రీలు ఎప్పుడు పూశాయో చెప్పే దాఖలాలు 812వ సంవత్సరం నుంచీ ఉన్నాయి. రాజోద్యోగుల డైరీల్లో, గుళ్ల దస్త్రాల్లో పూల పండగల తేదీలు వెతికి పట్టుకుని, ఆ వరసను కూర్చినవాడు యాసుయుకి అవోనో అనే పరిశోధకుడు. 2021లో అక్కడ చెర్రీలు మార్చి 26కే నిండుగా పూశాయి. పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అంత త్వరగా పూసిన ఏడాది ఇంకోటి లేదు. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1850ల్లో తన కాంకర్డ్ ఊళ్లో ఏ పువ్వు ఏ రోజు విచ్చిందో రాసి పెట్టుకున్నాడు. నూట యాభై ఏళ్ల తర్వాత రిచర్డ్ ప్రైమాక్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ కాగితాలతో ఇప్పటి పూతను పోల్చి, వసంతం ముందుకు జరుగుతోందని చూపించాడు. ప్రైమాక్ బృందం 2006లో ఇంకో పని చేసింది. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బరేటమ్ అనే వృక్షోద్యానంలో తీసిన, తేదీ వేసిన పాత పూల ఫొటోలను సాక్ష్యంగా వాడుకుంది. ఆ ఫొటోలు తీసినవాళ్లలో ఎవరికీ వాతావరణ మార్పు సంగతి తలపులో ఉండి ఉండదు. పువ్వు బాగుంది, తీశారు, వెనక తేదీ వేశారు. అంతే పనికొచ్చింది.

కాబట్టి ఇంటి వెనక లైలాక్‌ని ప్రతి మేలోనూ ఒకే చోట నిలబడి తీసేవాళ్లను చాదస్తులని నవ్వకూడదు.

ఇక వెలుగు సంగతి. హైదరాబాద్‌లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పేపర్లు జీరో షాడో డే అని వేసేది ఆ రోజుల గురించే. ఎటోబికోలో ఆయన ఎన్నడూ నడినెత్తికి రాడు. జూన్ మధ్యాహ్నం కూడా నేలకు 70 డిగ్రీల ఎత్తు దాటడు. డిసెంబర్‌లో 23 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. ఫొటోలు తీసేవాళ్లు పొద్దున్నా సాయంత్రమూ వెతుక్కునే ఏటవాలు వెలుగు డిసెంబర్‌లో రోజంతా దొరుకుతుందన్నమాట. తీయడానికి పువ్వే ఉండదు. జూన్‌లో పువ్వులకు కొదవ లేదు, పగలు పదిహేనున్నర గంటలు. మంచి వెలుగు కావాలంటే మాత్రం పొద్దున ఆరుకైనా లేవాలి, రాత్రి ఎనిమిది దాకానైనా ఆగాలి. ఆరు గంటల వేళ ఇంకో లాభముంది. గాలి ఉండదు. దగ్గర నుంచి తీసేటప్పుడు కాడ వెంట్రుకవాసి ఊగినా ఫోకస్ పోతుంది.

ఎండ కన్నా మబ్బే మేలు. ముఖ్యంగా పియోనీకి. ముద్దబంతికి పదింతలుండే ఆ తెల్ల పువ్వును ఎండలో తీస్తే పై రేకలు సున్నం కొట్టినట్టు వస్తాయి, లోపలి మడతలు నల్లబడతాయి. మబ్బు రోజున ఆ మడతల్లోని లేత గులాబీ ఛాయ కూడా కనబడుతుంది. మొగ్గ మీద చీమలు పాకుతుంటే దులిపేయనక్కర్లేదు. మొగ్గ వెలుపల ఊరే తీపి కోసం వస్తాయవి. చీమలు లేకపోతే పియోనీ విచ్చుకోదని ఇక్కడి పెద్దవాళ్లు చెప్పే మాట మాత్రం నిజం కాదు.

కెమెరా కూడా అబద్ధమాడుతుంది. ఫిల్మ్ రోజుల్లో నీలం మార్నింగ్ గ్లోరీని తీస్తే ప్రింటు చేతికొచ్చేసరికి గులాబీ రంగుకు తిరిగేది. స్టూడియోవాడు కడగడం చెడగొట్టాడని తిట్టుకునేవాళ్లు. కొడాక్ సంస్థ తన సాంకేతిక పుస్తకాల్లో దీనికి కారణం చెప్పింది: అలాంటి నీలం పూలు మన కంటికి ఆనని దూరపు ఎరుపు కాంతిని కూడా వెనక్కి పంపుతాయి, ఫిల్మ్ దాన్ని పట్టేస్తుంది. ఇప్పటి ఫోన్లకు నీలంతో అంత తంటా లేదు, ఎరుపుతో ఉంది. ఎర్ర తులిప్‌ని తీసి చూడండి. రేక మీది నరాలు, అంచు ముడతలు అన్నీ కలిసిపోయి ఒకే ఎర్ర ముద్దగా వస్తుంది. తెర మీద వేలు పెట్టి వెలుగు కొద్దిగా తగ్గించి మళ్లీ తీస్తే నరాలు తేలతాయి. పోర్ట్రెయిట్ మోడ్‌ని నమ్ముకుంటే ఇంకో ఇబ్బంది: కేసరాల చివరలు ఎక్కడ ఆగాయో దానికి అర్థం కాక వాటిని కూడా మసక చేసేస్తుంది.

తులిప్ మాట వచ్చింది కాబట్టి ఒక ఫొటోగ్రాఫర్ పేరు చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో డచ్ రాకుమారి యూలియానా ఒట్టావాలో తలదాచుకుంది. 1943 జనవరిలో కూతురు మార్గ్రీట్ అక్కడే పుట్టింది. ఆ కృతజ్ఞతతో 1945లో నెదర్లాండ్స్ లక్ష తులిప్ గడ్డలు పంపింది. అవి పూస్తుంటే ఏటా వదలకుండా ఫొటోలు తీసినవాడు మలాక్ కార్ష్. చర్చిల్ ఫొటోతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న యూసఫ్ కార్ష్‌కి తమ్ముడు. అన్న మనుషుల ముఖాలు తీస్తే తమ్ముడు పూల ముఖాలు తీశాడు. ఆయన సూచనతోనే 1953లో కెనడా తులిప్ ఉత్సవం మొదలైంది. దేశ రాజధానిలో ఏటా మేలో జరిగే ఇంత పెద్ద పండగ, ఒక పూల ఫొటోగ్రాఫర్ పట్టు పట్టడం వల్ల వచ్చింది.

ఎటోబికోలో అంత హంగామా లేదు. ఇక్కడి పూల పేరంటం జేమ్స్ గార్డెన్స్‌లో జరుగుతుంది. హంబర్ ఒడ్డున రాతి మెట్లు, ఊట నీటి కుంటలు ఉన్న ఈ తోట ఒకప్పుడు ఫ్రెడ్ జేమ్స్ అనే ఆయన ఎస్టేటు. 1908లో కొన్నాడు. 1955లో అది మెట్రోపాలిటన్ టొరంటో చేతికి వచ్చింది. శనివారం మధ్యాహ్నం వెళితే పూల కన్నా పెళ్లికూతుళ్లే ఎక్కువ కనబడతారు. పెళ్లి ఫొటోలకు నగరపాలక సంస్థ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. వాళ్ల దుపట్టాల వెనక నుంచి తులిప్ తీయడం ఒక విద్య.

పక్కనే ఉన్న లాంబ్టన్ వుడ్స్‌లోకి నాలుగడుగులు వేస్తే జనం పలచబడతారు. మే మొదట్లో అక్కడ ట్రిలియమ్ పూస్తుంది. మూడు ఆకులు, మూడు తెల్ల రేకలు. 1937 నుంచి ఒంటారియో రాష్ట్ర పుష్పం. గింజ పడ్డ దగ్గర నుంచి తొలి పువ్వు పూయడానికి ఏడేళ్ల నుంచి పదేళ్లు పడుతుంది. గింజలను మోసుకెళ్లి నాటేది చీమలు. ముదిరేకొద్దీ తెల్ల రేకలు గులాబీ రంగుకు తిరుగుతాయి. అందుకే దీన్ని ఒక్కసారి తీసి సరిపెట్టుకోకూడదు. విచ్చిన రోజునా, పది రోజులు పోయాకా తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు పూలనుకుంటారు. కాలిబాట దిగి లోపలికి పోకపోతే మేలు. పదేళ్ల మొక్క ఒక్క బూటు కింద పోతుంది.

సెప్టెంబర్ వచ్చేసరికి తెలంగాణవాళ్ల ఇళ్లలో ఒక లోటు మొదలవుతుంది. బతుకమ్మకు తంగేడు లేదు, గునుగు లేదు. తెలంగాణ కెనడా అసోసియేషన్ లాంటి సంఘాలు టొరంటో ప్రాంతంలో ఏటా ఆడే బతుకమ్మల్లో అంగట్లో దొరికే చామంతులు, బంతులు, పెరట్లోని హైడ్రేంజియాలు పేరుస్తారు. బయట చూస్తే హంబర్ ఒడ్డంతా గోల్డెన్‌రాడ్ విరగబూసి ఉంటుంది. అచ్చం తంగేడు పసుపు. పక్కన ఊదారంగు ఆస్టర్. ఈ రెండింటినీ ఒకే ఫ్రేములో పెట్టడానికి ఇక్కడ పెద్ద కష్టపడక్కర్లేదు, అవి కలిసే పెరుగుతాయి. పార్కుల్లో పువ్వు కోయడం నిషేధం కాబట్టి అవి తాంబాళంలోకి రావాలంటే సొంత పెరట్లో పెంచుకోవాల్సిందే. గోల్డెన్‌రాడ్ పుప్పొడితో జలుబు చేస్తుందని భయపడేవాళ్లున్నారు. ఆ తుమ్ములు అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ పని. సరస్సు ఒడ్డున హంబర్ బే పార్కులో 2002లో సీతాకోకచిలుకల కోసమే ఒక స్థలం పెంచారు. మెక్సికోకు బయల్దేరే మోనార్క్‌లు సెప్టెంబర్‌లో అక్కడి గోల్డెన్‌రాడ్ మీద ఆగి తేనె తాగుతాయి. ఎండ పడక ముందు చలికి అవి కదల్లేవు, ఫొటో తీయనిస్తాయి.

చలికాలానికి మల్లె కుండీ ఇంట్లోకి వస్తుంది. మేలో విక్టోరియా డే దాటాక గానీ మళ్లీ బయటికి పోదు. వీడియో కాల్‌లో అమ్మ అడిగే మొదటి ప్రశ్న మనవడి చదువు గురించి కాదు.

“మల్లె మొగ్గేసిందా అమ్మా?”

“రెండేసిందమ్మా, ఉండు చూపిస్తా.”

తెల్ల మల్లెను కిటికీ పక్కన తీస్తే ఫోన్ దాన్ని బూడిద రంగు చేస్తుంది. ఇక్కడ ఎర్ర తులిప్‌కి చేసినదానికి వ్యతిరేకంగా వెలుగు పెంచాలి. మొగ్గ సాయంత్రం విచ్చుతుంది కాబట్టి అప్పటికి దీపం వెలుగే దిక్కు. అది చాలనివాళ్లు సెంటెనియల్ పార్క్ కన్సర్వేటరీకి పోతారు. ప్రవేశం ఉచితం. జనవరిలో బయట మైనస్ పది, లోపల మందారాలు, కాగితప్పూలు, అరటి గెలలు. గుమ్మం దాటగానే లెన్సు మీద ఆవిరి కమ్మేస్తుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. కెమెరాను బయటే సంచిలో వేసి జిప్పు మూసి, లోపలికొచ్చాక అరగంట అలాగే ఉంచితే ఆ బాధ ఉండదు.

ఫొటోలకు ఇంకో వాడకం ఉంది, అది అక్టోబర్‌లో తెలుస్తుంది. తులిప్, డాఫోడిల్ గడ్డలు పాతే నెల అది. అప్పటికి వసంతం పూల ఆనవాలు నేల మీద ఒక్కటీ ఉండదు. ఎక్కడ తవ్వితే పార పాత గడ్డకు తగులుతుందో, ఎక్కడ నిజంగా ఖాళీ ఉందో మే నెల ఫొటోయే చెప్పాలి. కానీ రేక మీద నీటి బొట్టు దాకా చూపించే ఫొటో ఇందుకు పనికిరాదు. కంచె, మెట్లు, చూరు నీళ్ల గొట్టం అన్నీ పడేలా దూరం నుంచి ఒక అందం లేని ఫొటో కూడా తీసి ఉండాలి. ఈ వ్యాసకర్త ఒకే పాదును ఏటా అలా తీసిన ఫొటోలను వరసగా చూస్తే తులిప్స్ ఏటికేడు తగ్గుతూ, డాఫోడిల్స్ పెరుగుతూ కనిపిస్తాయి. ఇంటివాళ్ల అభిరుచి ఏమీ మారలేదు. తులిప్ గడ్డ ఉడతలకు ఇష్టం, డాఫోడిల్ గడ్డ వాటికి విషం.