పశువుల తొట్టి – పాలేరు పాక

ప్రజాసాహిత్యం అంటే ఏమిటన్న ప్రశ్నను 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభ నాటినుంచీ మనం వేసుకుంటూనే ఉన్నాం. బుర్రకథకు, జముకుల కథకు, వీధి భాగోతానికి, దంపుళ్ళ పాటకు, ఊడ్పుల పాటకు మన విమర్శలో గౌరవస్థానం దొరికింది. కాని గోదావరి డెల్టాలో భూమిలేని కూలిజనం తరతరాలుగా గొంతెత్తి పాడుకుంటున్న క్రైస్తవ కీర్తనకు, ఆ కీర్తన చుట్టూ అల్లుకున్న క్రిస్మస్ పండుగకు ఆ పట్టికలో చోటు దొరకలేదు. దానికి రెండు కారణాలు చెబుతారు. ఒకటి, అది తెల్లదొరల వెంట వచ్చిన మతం అని. రెండవది, మతం మత్తుమందు గనుక దాని పాట కూడా మత్తేనని. ఈ రెండింటిలోనూ కొంత నిజముంది. ఆ కొంత నిజాన్నే మొత్తం నిజమనుకొని విమర్శకుడు పేట పొలిమేరలో ఆగిపోవడం వల్ల నష్టపోయింది పేట కాదు, మన సాహిత్య చరిత్ర.

మత్తుమందు అన్న మాటను మార్క్స్ 1844లో అచ్చయిన వ్యాసంలో వాడాడు. ఆ మాటకు ముందే మతం పీడితుని నిట్టూర్పని కూడా అక్కడే చెప్పాడు. మనవాళ్ళు రెండవ మాటను కంఠస్థం చేసి, మొదటిదాన్ని వదిలేశారు. నిట్టూర్పును వినకుండా మత్తును విమర్శించబోతే అది ఉపన్యాసం అవుతుంది గాని విమర్శ కాదు.

పరిశీలనకు ఒక ఊరు కావాలి. ముక్తేశ్వరం గౌతమి ఒడ్డున, కోటిపల్లి రేవుకు ఎదురుగా ఉన్న గ్రామం. ఇక్కడి శివుడు క్షణ ముక్తేశ్వరుడు; క్షణంలో ముక్తినిచ్చే దేవుడని ఆ పేరుకు అర్థం. అలాంటి దేవుని వాకిట నిలబడే చట్టబద్ధమైన హక్కు మాలమాదిగలకు 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకగాని రాలేదు. క్షణంలో దొరకవలసిన ముక్తి కోసం శతాబ్దాలు వేచి ఉండవలసి వచ్చిన జనం, చట్టానికి చాలాముందే మరో గుడి కట్టుకున్నారంటే ఆశ్చర్యపడవలసింది ఏముంది? కోనసీమ పేటల్లో చర్చి పుట్టుకను అర్థం చేసుకోవడానికి బైబిలు కన్నా ముందు చదవవలసింది ఈ మూసిన తలుపును.

ఆ చర్చిని తెచ్చినవారి సంగతి చూద్దాం. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు బ్రదరన్ సువార్తికులతో గోదావరి డెల్టా మిషన్ ఆరంభమైంది. నరసాపురం, పాలకొల్లు వారి తొలి కేంద్రాలు. ఆ తరంలోనే, 1847–1852 మధ్య, ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. కాలువ నీళ్ళతో భూమి విలువ పెరిగింది. భూమి గలవాడు కామందు అయ్యాడు, లేనివాడు పాలేరు అయ్యాడు. డెల్టా సంపదా, డెల్టా క్రైస్తవమూ ఒకే కాలపు పంటలు. ఒకటి గట్టుకు ఈవల పండితే, రెండవది ఆవల పండింది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. బ్రదరన్ సంఘాలవారు పండుగల మనుషులు కారు. ప్రతి ఆదివారం రొట్టె విరవడమే వారి ఆరాధన. బైబిలులో తేదీ చెప్పని క్రిస్మస్‌ను పండుగగా ఆచరించడం వారి తొలి సంప్రదాయంలో లేదు. ఇంగ్లండులోనే ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్ పండుగను నిషేధించింది. ఆ అనుమానపు నీడ ఎన్నో ప్రొటెస్టెంటు శాఖల మీద చాలాకాలం నిలిచింది. డిసెంబరు 25 అన్న తేదీ కూడా నాలుగవ శతాబ్దపు రోమునగరం స్థిరపరచిందే. అలాంటి పొడి మతం వచ్చిన నేలమీద ఇంత తడి పండుగ ఎలా మొలిచింది? లూథరన్‌లవంటి ఇతర మిషన్ల ప్రభావం కొంత ఉండవచ్చు. కాని అసలు కారణం పేటలోనే వెతకాలి. జాతరనూ, అమ్మవారి కొలుపునూ విడిచివచ్చిన జనానికి డప్పూ దీపమూ వంటా కొత్తబట్టా లేని దేవుడు సరిపోడు. మిషన్ సిద్ధాంతాన్నిచ్చింది, పండుగను జనమే కట్టుకున్నారు. అందువల్లనే దీన్ని దిగుమతి సరుకనడం చెల్లదు.

కాలం కూడా కలిసివచ్చింది. డిసెంబరు చివరినాటికి సార్వా కోతలు ముగుస్తాయి. దాళ్వా ఊడ్పులు ఇంకా ఊపందుకోవు. ఏడాదిలో కూలివాని ఇంట నాలుగు గింజలుండే రోజులవి. కళ్ళంలో వచ్చిన కూలిగింజలు, పిల్లలూ ఆడవాళ్ళూ చేలల్లో ఏరిన పరిగె – ఇవే పాతరోజుల పండుగకు పెట్టుబడి. రూతు అనే పరదేశి విధవరాలు పరిగె ఏరుకున్నదని బైబిలు చెప్పే చేను కూడా, క్రీస్తు పుట్టిన బేత్లెహేములోనిదే. ఈ కథను పాదిరి వేదాంతపరంగా వివరిస్తాడు. పరిగె ఏరిన ఆడమనిషికి వివరణ అక్కరలేదు. ఇవాళ కోతయంత్రాలు పరిగెను కూడా మింగేశాయి. రేపటి పేట పిల్లవానికి రూతు కథను బోధించాలంటే ముందు పరిగె అంటే ఏమిటో చెప్పవలసి వస్తుంది.

ఇక క్రిస్మస్ కథావస్తువు. లూకా సువార్త ప్రకారం ఆ ప్రసవం జరిగింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు నీడలో. చక్రవర్తి జనసంఖ్య రాయించమన్నాడు. నిండు చూలాలు సొంతూరికి నడిచివెళ్ళింది. సత్రంలో చోటు దొరకలేదు. బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. పండితుడు ఈ తొట్టిని వినయానికి ప్రతీక అంటాడు. కోనసీమ పాలేరుకు అది ప్రతీక కాదు. కామందు పశువుల సావిడే అతని పడకటిల్లు. గడ్డి వేసి, కుడితి పెట్టి, పేడ ఎత్తి, రాత్రి కాపలాగా అక్కడే నడుం వాల్చిన మనిషతను. దేవుడు అక్కడ పుట్టాడని విన్నప్పుడు, దేవుడు ఎంత దిగివచ్చాడో అని అతడు విస్తుపోడు; తాను పడుకునే చోటు దేవుడు పుట్టగల చోటేనని మొదటిసారి తెలుసుకుంటాడు. ఒకే పాఠానికి రెండు వర్గాల చదువులు ఎంత వేరుగా ఉంటాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు. తొలివార్త విన్నవారు రాత్రిపూట మందలు కాసే కూలివాళ్ళని లూకా చెబుతాడు. పేట కుర్రవాళ్ళు నాటకం కట్టినప్పుడు ఆ గొల్లల వేషాలకు ఎవరూ సంభాషణ నేర్పనక్కరలేదు.

రూపం విషయానికి వస్తే మన ఆశ్చర్యం మరింత పెరుగుతుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాటపాటకూ రాగం, తాళం పేర్లుంటాయి. ఆ సంప్రదాయానికి ఆద్యుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరి (1803–1890) పల్లవి, చరణాల కట్టుబాటులోనే కొత్త వస్తువును పోశారు. సభామండపం తనదిగా కాపాడుకున్న కీర్తన రూపం, ఆ మండపం మెట్లెక్కనివ్వని జనం నోటికి ఈ పుస్తకం ద్వారా చేరింది. డోలకు, కంజిర, తాళాల మధ్య ఆ రాగం శాస్త్రానికి లొంగక పోవచ్చు, మాటలు విరగవచ్చు. అయినా అక్షరం రాని అవ్వ పదుల పాటలు పుస్తకం చూడకుండా పాడుతుంది. ఆమెను నిరక్షరాస్యురాలని జనాభా లెక్క రాసుకుంటుంది. మనం కూడా అలాగే రాసుకోవాలా?

అయితే మెచ్చుకోలుతో ఆగిపోతే విమర్శ సగమే అవుతుంది. ఈ కీర్తనల భాషలో ఒక పెద్ద వైరుధ్యం ఉంది. కథలో పశువుల పాకలో పుట్టినవాడు, పాటలోకి రాగానే రారాజు అవుతాడు. కిరీటం, సింహాసనం, జయభేరి వచ్చిపడతాయి. తొట్టి వెనక్కు పోతుంది. పీడితుడు తన దేవుణ్ణి గౌరవించాలనుకున్నప్పుడు అతనికి తెలిసిన గౌరవభాష జమీందారుదే అయింది. రెండవ లోపం ఇంకా లోతైనది. కీర్తనలోని పాపం ఎప్పుడూ పాడేవానిదే. నేను పాపిని, నేను దోషిని అని కూలివాడు ఛాతీ కొట్టుకుంటాడు. కొలత తగ్గించి గింజలు పోసినవాని పాపం ఏ చరణంలోనూ లెక్కకు రాదు. ఆత్మ అప్పు సిలువమీద తీరిందన్న ఆనందంలో షావుకారు అప్పు మాట పాటకు బయటే మిగిలిపోయింది. మరి బైబిలులో ఆ గొంతు లేదా? ఉంది. కడుపుతో ఉన్న మరియ పాడిన పాటలో బలవంతులు గద్దెలు దిగుతారు, ఆకలిగొన్నవారి కడుపు నిండుతుంది, ధనవంతులు వట్టి చేతులతో పోతారు. పల్లెటూరి క్రిస్మస్‌లో తారలూ దూతలూ మోగినంతగా ఈ పాట మోగకపోవడం యాదృచ్ఛికం కాదు. మిషన్ బంగళాకు కలెక్టరు కచేరీతో ఉన్న స్నేహం ఆ ఎంపిక మీద పనిచెయ్యలేదనడం కష్టం.

మన లిఖిత సాహిత్యం ఈ లోటును తీర్చిందా? ఉన్నవ ‘మాలపల్లి’లో రామదాసు ఇల్లు భక్తి, తత్త్వాల ఇల్లు. జాషువ ‘గబ్బిలం’ (1941) సందేశం మోసుకుపోయింది కాశీ విశ్వనాథుని దగ్గరకు. ఆ జాషువే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. మన సభల్లో ‘గబ్బిలం’ పద్యాలు వినిపించినంతగా ఆ కావ్యం పేరు వినిపించదు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో చదువును విమోచన మార్గంగా నిలబెట్టారు. ఇవన్నీ గొప్ప రచనలే. కాని డిసెంబరు రాత్రి రంగుకాగితపు నక్షత్రం కింద గుమిగూడిన పేట జీవితం వీటిలో ఏ ఒక్కదానికీ కేంద్రవస్తువు కాలేదు.

ఆ జీవితం కేవలం భజన కాదు. ఇంటింటి చందా, లెక్క చదివే పెద్ద, తెల్లవార్లూ వీధి వీధికీ తిరిగే పాటల గుంపు, అందరికీ ఒకే పంక్తిలో ప్రేమవిందు – ఊరి పెత్తనం అక్కరలేకుండా పేట తనను తాను నడుపుకోవడం నేర్చుకున్న బడి ఇది. కూలిసంఘం పెట్టబోయే కార్యకర్త ఈ బడిని చూసి నేర్చుకోవలసింది ఉంది. అయితే ఆ పంక్తికీ హద్దులున్నాయి. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు అన్నది ఆంధ్రదేశంలో చాలాచోట్ల కనబడే సత్యం. ఒకే తొట్టి ముందు మోకరించినవారు ఒకే గిన్నెలో తాగని చోట, కులం మతం మార్చుకుందని చెప్పాలి గాని చచ్చిందని చెప్పలేం.

దీనికి తోడు రాజ్యం ఒక పీటముడి వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉంచారు. అంటరానితనం మతాన్ని అడిగి అంటదు. రక్షణ మాత్రం మతాన్ని అడిగి వస్తుంది. ఫలితమేమిటి? బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. కాగితం మీద హిందువు, కీర్తనలో క్రైస్తవుడు. ఏడాది పొడుగునా గొంతు తగ్గించి బతికే మనిషి క్రిస్మస్ రాత్రి ఒక్కసారి గొంతు విప్పుతాడు. ఆ పాటలో ఉన్న గట్టితనం భక్తి ఒక్కదానివల్లే వచ్చిందనుకోవడం అమాయకత్వం. దీన్ని మోసమని వెక్కిరించేవారు, ఇద్దరు పేర్ల మనిషిని తయారుచేసిన ఉత్తర్వును ముందు ప్రశ్నించాలి.

పేట ఇవాళ మారింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర దక్కని రైతు బాధ నిజమే. కాని రైతుకు అది నిరసన అయితే, కూలికి పస్తు. దింపు, ఒలుపు పనులు దొరికినవారికి దొరికాయి. ఎందరో ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనులకు వలసపోయారు. ఈనాటి క్రిస్మస్ దీపాల్లో వారి చెమట వెలుగుతోంది. హేరోదుకు వెరచి ఐగుప్తుకు పారిపోయిన ఆ తల్లి కథను ఫోనులో పాట విని కన్నీరు పెట్టుకునే ఈ తల్లులకు ఎవరు కలిపి చెబుతారు? వారి డబ్బుతో లేచిన కొత్త చర్చిలలో ఆశీర్వాదం, స్వస్థత, సంపద అన్న బోధ పెద్దదవుతోంది; సౌండు బాక్సుల హోరులో అవ్వ గొంతు వినబడడం లేదు. మరోవైపు అవే ఇళ్ళ గోడలమీద అంబేద్కర్ పటం ఉంది. 2022 మే 24న జిల్లాకు ఆయన పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటికీ శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టారు. అయినా ఆ పేరే నిలిచింది. నక్షత్రం, నీలిజెండా ఒకే చూరు కింద ఉండడాన్ని గందరగోళమనకూడదు. పరలోకపు మర్యాదతో పాటు ఈ లోకపు హక్కును కూడా పేట అడుగుతోందనడానికి అదే గుర్తు.

కాబట్టి అభ్యుదయ విమర్శకుని ముందున్న పని నాస్తికతను మానుకోవడం కాదు, ఆస్తికునికి హారతి పట్టడం అంతకన్నా కాదు. అవ్వలు పోకముందే ఆ పాటలను, వారు మార్చుకున్న మాటలతో సహా, రాసిపెట్టాలి. ఏ పాట ఏ కాలంలో ఎవరి అవసరానికి పుట్టిందో తేల్చాలి. తొట్టి ఎక్కడ కిరీటంగా మారిందో, ఎందుకు మారిందో చూపాలి. తెలుగు శాఖల విద్యార్థులు ప్రబంధంలోని పురవర్ణనకు వెచ్చించే శ్రమలో పదవ వంతు ఇటు వెచ్చించినా చాలు. అప్పుడు మరియ పాటలోని మరచిపోయిన చరణాలు పేటకు మనం నేర్పవలసినవి కావు. పేట తన పుస్తకంలోనే వాటిని తెరిచి చదువుకోగలదు. చదువుకున్ననాడు ఆ రాత్రి పాట వేరే శ్రుతిలో వినిపిస్తుంది.