చికిత్సకు మూడవ పాదము

చరకసంహిత సూత్రస్థానమునందలి తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు నాలుగు పాదములను చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మందొక్కటియే చికిత్స గాదని దీని భావము. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము ఉండవలెనట. ఇందు మొదట పేర్కొనబడినది జ్ఞానము.

మన యిండ్లలో ఈ భారము వహించునది తఱచు స్త్రీయే. ఆమెనుండి అనురాగమును, శుచిత్వమును దండిగా కోరుదుము. రోగమెట్టిదో, పథ్యమెందులకో ఆమెకు తెలుపువారెందఱు? వైద్యుడు యజమానితో మాటలాడి పోవును. జావ కాచునది, రాత్రి మేలుకొనునది ఆమె. ఆయుర్వేదము సమగ్రమని సభలలో పొగడుట సులభము. రోగి ప్రక్కనున్న స్త్రీకి జ్ఞానము నీయక అట్లు పొగడుట, మంచపుకోడొకటి విఱిచి దానిపై రోగిని పరుండబెట్టుటయే యని మేము తలంతుము.