మతయుద్ధములు – మన నాటకము, అరబ్బు చిత్రము

పూర్వకాలపు మతయుద్ధములను ప్రదర్శించునపుడు చరిత్రను మార్చుట కవికి గల హక్కే. ఆ మార్పు ఎవరి మేలునకని అడుగుట విమర్శకుని విధి. మన రంగస్థలమునుండి యొకటి, అరబ్బుల వెండితెరనుండి యొకటి పరిశీలింతము.

1323లో ఓరుగల్లు ఢిల్లీసేనలకు లోబడినది. బందీయైన ప్రతాపరుద్రుడు త్రోవలోనే మరణించెను. వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ (1897) నందు మంత్రి యుగంధరుడు ప్రభువును విడిపించి, సుల్తానునే బంధించి తెచ్చును. పాత్రోచితభాషయందు ఆ నాటకమునకు సాటి యరుదు. పరాధీనజాతికి అది ధైర్యము నొసగెనని మేమును అంగీకరింతుము. కాని ఆ యానందము ఎదుటివాని పరాభవమునుండి పుట్టినది.

ఈజిప్టు దర్శకుడు యూసుఫ్ షాహీన్ 1963లో వెలువరించిన సలాహుద్దీను చిత్రమున ఈసా అల్ అవ్వాం అను వీరుడు అరబ్బు క్రైస్తవుడు. చరిత్రలో నతడు మహమ్మదీయుడు. ముట్టడిలోనున్న అక్కానగరమునకు ఈదుకొనిపోయి ధనమును, లేఖలను చేర్చినవాడు. సిలువయోధులతో పోరు క్రైస్తవమతముతో పోరు గాదని చాటుటకే ఈ మార్పు. ఇది పొరుగువానిని తనవానిగ చేర్చుకొన్న మార్పు. అయినను 1187లో జెరూసలేము లొంగినపుడు విడుదలధనము చెల్లింపలేని వేలమంది బానిసలైరి. నాయకుని దయ ప్రక్కన ఆ సంగతియు నిలువవలెను.

మందమర్రి వంటి గనుల యూళ్లలో ఈ విమర్శ ఊరక గాదు. నానామతస్థులు ఒకే గనిలోనికి దిగి, పైకి వచ్చి ఒకే తెరముందు కూర్చుందురు. వారిలో నొకడు తలవంచుకొని లేచిపోవలసిన కథ ఎంత రసవంతమైనను మాకు వలదు. బిడ్డలకు నాటకమును చూపుడు. పిదప జరిగినదియు చెప్పుడు.