కిక్కిరిసిన కణంలో ఎంజైమ్

ఎంజైమ్ వేగం కొలవడం బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు మేం మొదట్లోనే నేర్పించే పని. బఫర్‌లో రవ్వంత ఎంజైమ్, కొంచెం సబ్‌స్ట్రేట్ కలిపి, క్యూవెట్‌ను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి గీత పైకెక్కుతుంటే చూడటమే. 1913లో బెర్లిన్‌లో లియొనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఇన్వర్టేజ్ మీద చేసిన పని నుంచి ఇదే బాట. దాని మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ క్యూవెట్‌లో ఉన్నది దాదాపు అంతా నీళ్లే. ఎంజైమ్ పుట్టి పెరిగే కణంలో అంత ఖాళీ ఎక్కడిది?

ఇ. కోలై బాక్టీరియా లోపల లీటరుకు 300 గ్రాములకు పైగా ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ లాంటి పెద్ద అణువులు కిక్కిరిసి ఉంటాయి. జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రొటీన్ డిఫ్యూజన్ గుణకం నీళ్లలో సెకనుకు సుమారు 87 చదరపు మైక్రాన్లు. అదే ఇ. కోలై లోపల 8కి కూడా చేరదు.

ఈ అంకెలు చెప్పగానే 'అయితే రియాక్షన్లన్నీ నెమ్మదిస్తాయి కదా సార్' అంటారు పిల్లలు. అది సగమే నిజం. జాతరలో చిన్నపిల్లాడు జనం కాళ్ల సందుల్లోంచి దూరిపోతాడు, తలమీద బోనం ఎత్తుకున్న అమ్మ మాత్రం ఆగి ఆగి నడవాలి. గ్లూకోజ్, ఏటీపీ లాంటి చిన్న అణువులకు దారి సులువుగానే దొరుకుతుంది. పైగా చాలా ఎంజైమ్‌లలో ఆలస్యమయ్యేది సబ్‌స్ట్రేట్ వచ్చి చేరడంలో కాదు, చేరాక బంధాలు తెగి కొత్తవి ఏర్పడటంలో. అలాంటి ఎంజైమ్‌లకు డిఫ్యూజన్ కొంత తగ్గినా పెద్దగా పట్టదు.

గుంపు చేసే పని ఇంకొకటుంది. చోటు కరువైనప్పుడు తక్కువ చోటు పట్టే అమరికకే మొగ్గు. ప్రొటీన్ ముడుచుకుంటుంది, లేదా పక్కదానితో జతకడుతుంది. అందుకే రెండు పెద్ద అణువులు కలిస్తేనే జరిగే రియాక్షన్, గుంపు పెరిగేకొద్దీ మొదట వేగం పుంజుకుని, మరీ కిక్కిరిశాక మందగించవచ్చు. 1981లో మింటన్, విల్ఫ్ గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్‌ను ఇతర ప్రొటీన్ల గుంపులో ఉంచి కొలిస్తే దాని చురుకుదనం తగ్గింది. నాలుగేసి కలిసిన టెట్రామర్ వైపు ఎంజైమ్ మొగ్గడమే అందుకు కారణమని వాళ్లు వివరించారు. డీఎన్‌ఏ లైగేజ్ సంగతి ఇందుకు తలకిందులు. పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపితే మొండి చివరల ముక్కల్ని ఎంతో బాగా అతికిస్తుంది. క్లోనింగ్ చేసేవాళ్లకిది రోజూ తెలిసిన సంగతే.

ఇక చేతిపని. ల్యాబ్‌లో గుంపు కోసం ఎక్కువగా ఫైకాల్ 70 గానీ డెక్స్‌ట్రాన్ గానీ వాడతాం. పొడి అంతా ఒకేసారి గుమ్మరిస్తే ఉండకడుతుంది. తిరుగుతున్న బఫర్‌లో కొంచెం కొంచెంగా చల్లి, రాత్రంతా చలిగదిలో వదిలేయాలి. తెల్లారేసరికి చిక్కటి పాకంలా తయారవుతుంది. పిపెట్ టిప్ మూతి కాస్త కత్తిరించి మెల్లగా లాగాలి, లాగాక ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే గాలి కూడా వచ్చేస్తుంది. పిపెట్‌ను నమ్మకుండా తూకం వేసుకోమనే నేను చెబుతాను. సరిగ్గా కలవకపోతే క్యూవెట్‌లో సన్నటి చారలు కనిపిస్తాయి. అప్పుడు వచ్చే నెమ్మదితనం ఎంజైమ్‌ది కాదు, మన కలపడానిది. అంతే బరువు చక్కెర కలిపిన క్యూవెట్ ఒకటి పక్కన ఉండి తీరాలి. ఫైకాల్‌ను చక్కెర నుంచే తయారుచేస్తారు కాబట్టి, రెండింటికీ మధ్య వచ్చే తేడా చాలావరకు అణువు పరిమాణం వల్లే. ఈ పోలిక లేని ఫలితాన్ని నేను నమ్మను.

ఫైకాల్‌తో తెచ్చిన గుంపు కూడా కణం కాదు. అసలు ప్రొటీన్లకు విద్యుదావేశాలుంటాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. కాబట్టి ఎంజైమ్ వేగమంటూ ఒకే అంకె చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఏ గుంపులో కొలిచామో పక్కనే రాయాలి.

ఇదంతా ల్యాబ్ గోల అనుకునేవాళ్లకు సికిల్ సెల్ గురించి చెబుతాను. తెలంగాణ, ఆంధ్ర ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలు ఈ జబ్బుతో నలిగిపోతున్నాయి. ఎర్ర రక్తకణంలో హీమోగ్లోబిన్ లీటరుకు సుమారు 330 గ్రాములు. ఆక్సిజన్ వదిలేశాక సికిల్ హీమోగ్లోబిన్ పోగులుగా పేరుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి గాఢతను బట్టి దాదాపు 30వ ఘాతంలో మారుతుందని 1974లో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ కొలిచి చూపించారు. అంటే గాఢత రెండు మూడు శాతం పెరిగితే చాలు, వ్యవధి సగానికి పడిపోతుంది. ఆ వ్యవధిలోపే కణం సన్నటి రక్తనాళాన్ని దాటి బయటపడాలి. ఒంట్లో నీరు తగ్గితే కణం కుంచించుకుపోయి లోపలి గాఢత పెరుగుతుంది. ఈ జబ్బున్న పిల్లలకు ఎండాకాలం నీళ్లు మాటిమాటికీ తాగించమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.