గల్లాపెట్టె దగ్గర ఓనరు

మా వీధి చివరి టిఫిన్ సెంటర్ ఈ వారం మూతపడింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ పెట్టాడా కుర్రాడు. గల్లాపెట్టె దగ్గర ఓనరు లేని హోటల్లో నేను కాఫీ కూడా తాగనని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇతను తెల్లవారుజామున నాలుగింటికే షట్టరు ఎత్తేవాడు, పిండి తనే దగ్గరుండి రుబ్బించేవాడు. నా లెక్క ప్రకారం నిలబడి తీరాల్సిన కొట్టు.

జాతకమంతా చట్నీలోనే ఉంది. మొదట్లో కొబ్బరి పంటికి తగిలేది. మూడో నెలకి పుట్నాలపప్పు పాలు పెరిగింది. ఆ తర్వాత ఆవాలు ఈత కొట్టాయి. షాపు అద్దె, ఇంటి ఈఎంఐ, పిల్ల స్కూలు ఫీజు అన్నీ ఆ గల్లాలోంచే రావాలి మరి. నీళ్లు పొయ్యక ఏం చేస్తాడు?

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బతుకంతా చేసింది అదే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయిలో ఒకరి దగ్గర కొలువు చేసి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారట. (తలనొప్పులు ఎక్కడ దొరుకుతాయో ఆయనకు బాగా తెలుసు. విద్వాంసులు క్షమించాలి.) ఆ మందు నిలదొక్కుకున్నాక 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసు చేరి దినపత్రికైంది. 1924లో భారతి. అంత బరువైన సాహిత్య పత్రికను చందాల కోసం పలచన చెయ్యకుండా నడపగలిగారంటే, వెనక పసుపు రంగు బాము అమ్ముడుపోతూ ఉండబట్టే అని నా నమ్మకం. పత్రిక మీద శ్రద్ధ తక్కువై కాదు, పత్రికే తిండి పెట్టాలన్న అగత్యం లేక.

పక్క సందులో ఒకావిడ ఇడ్లీలు వేస్తుంది. భర్తది ఆర్టీసీ ఉద్యోగం, ఇల్లు ఆ జీతంతో గడుస్తుంది. కొబ్బరికాయ ధర పెరిగినప్పుడు చట్నీలో నీళ్లు పొయ్యలేదు, ప్లేటుకి ఐదు రూపాయలు పెంచింది. నలుగురు గిరాకీలు గొణిగి వెళ్లిపోయారు. పోనీలెండి అంది. జీతం వెనక లేకపోతే ఆ మాట నోటికి రాదు. ఉన్నదంతా ఒడ్డినవాడికే సరుకు మీద పట్టుదల ఉంటుందని ఇన్నేళ్లూ రాశాను. ఒడ్డినవాడే ముందు సరుకు మీద రాజీపడుతున్నాడు.

కుర్రాడు మళ్లీ ఉద్యోగంలో చేరుతున్నాడట. గ్రైండరు మాత్రం అమ్మొద్దన్నాను. ఆదివారం ఒక్కపూట అట్లు పోసినా చాలు, కొబ్బరి తగ్గించకుండా.