యాభై ఎంఎం చూపు

కెమెరా కొనాలనుకునేవారు ముందు బాడీ గురించే అడుగుతారు. మెగాపిక్సెళ్లు ఎన్ని, సెకనుకు ఎన్ని ఫొటోలు తీస్తుంది, వీడియో ఎలా వస్తుంది అని. లెన్స్ ప్రస్తావన చివర్లో వస్తుంది, అదీ దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే జూమ్ ఏదైనా చెప్పమని. నేను ఎవరికైనా ఇచ్చే సలహా ఒకటే: బాడీ పాతదైనా ఫర్వాలేదు, జూమ్ లేని లెన్స్ ఒక్కటి కొనుక్కోండి, కొన్ని నెలలపాటు దాన్ని కెమెరా నుంచి ఊడదీయకండి. ఈ పద్ధతికి దాదాపు వందేళ్ల వయసుంది.

జర్మనీలోని వెట్‌జ్లార్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం ఉండేది. ఆ రోజుల్లో ఆరుబయట ఫొటో తీయాలంటే గాజు పలకలు, పెట్టెంత కెమెరా, స్టాండు మోసుకెళ్లాలి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ అంత గొప్ప చిత్రాలు తీసింది అలాంటి సరంజామాతోనే. ఆ బరువును బార్నాక్ ఊపిరి తట్టుకునేది కాదు. అందుకే సినిమా ఫిల్ము తీసుకుని, సినిమా ఫ్రేమును రెండింతలు చేసి, 24×36 మిల్లీమీటర్ల బొమ్మ పడే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో అది లైకా పేరుతో జనంలోకి వచ్చింది. మాక్స్ బెరెక్ రూపొందించిన 50 ఎంఎం లెన్స్ దానికి బిగించే ఉండేది, మార్చే వీలు లేదు. కొన్నవాళ్లు ఆ చూపుకే అలవాటుపడ్డారు.

తర్వాత మార్చుకునే లెన్సులు వచ్చినా ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెస్సో ఎక్కువగా 50 ఎంఎంనే పట్టుకుని తిరిగాడు. లైకా మీద మెరిసే చోట్ల నల్ల టేపు అంటించేవాడు. ఫ్లాష్ వాడేవాడు కాదు, తీసిన ఫ్రేమును తర్వాత కత్తిరించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. 1948 జనవరి 30న తాను గాంధీజీని కలిసిన కొద్దిసేపటికే ఆయన హత్య జరిగితే, ఆ రాత్రి బిర్లా హౌస్ దగ్గరి జనాన్ని, మర్నాటి అంతిమయాత్రను ఫొటోలు తీశాడు. అంతటి గుంపులో, అంతటి దుఃఖంలో లెన్సులు మార్చుకుంటూ కూర్చునే వ్యవధి ఎక్కడిది?

ఒకే లెన్స్ వాడితే దూరం కంటికి అలవాటవుతుంది. సెన్సార్ ఆ 24×36 కొలతలోనే ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 50 ఎంఎం లెన్స్ తీసుకోవాలి. మనలో చాలామంది దగ్గరున్నవి అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ కెమెరాలు, వాటిమీద దాదాపు అదే చూపు రావాలంటే 35 ఎంఎం కావాలి. దాంతో మీటరున్నర దూరం నుంచి చూస్తే ఫ్రేములో మీటరు వెడల్పు పడుతుంది, మూడు మీటర్ల నుంచి రెండు మీటర్లు. ఈ లెక్క ఒంటికి పట్టాక కెమెరా ఎత్తకముందే ఏది లోపలికి వస్తుందో, ఏది బయట ఉండిపోతుందో తెలిసిపోతుంది.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే మనిషిని తీసుకోండి. బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతారు. జూమ్ ఉంటే వీధిలో నిలబడే ఆ వేళ్లను లాక్కోవచ్చు. 35తో అది కుదరదు. లోపలికి వెళ్లి, అడిగి, ఎదురుగా మీటరున్నర దూరంలో కూర్చోవాలి. కెమెరా నిలువుగా పట్టుకుంటే పొయ్యి నుంచి ముఖం దాకా ఒకే చిత్రంలో ఇముడుతుంది. అపర్చర్ ఎఫ్/2.8లో పెడితే స్పష్టంగా పడేది సుమారు 20 సెంటీమీటర్ల లోతు మాత్రమే, కాబట్టి ఫోకస్ వేలి కొసల మీద ఉండాలి. వెనక వీధిలో ఎండ ఉంటే కెమెరా మోసపోయి దుకాణాన్ని చీకటి చేస్తుంది. వెలుతురు కొలత చేతుల మీద తీసుకోవాలి. అలా దగ్గర కూర్చుని తీసిన చిత్రంలో ఆ మనిషి మన ఉనికిని ఒప్పుకున్న సంగతి కనిపిస్తుంది. ఈ పద్ధతి మీద నాకున్న ప్రేమకు అసలు కారణం అదే.

వీధిలోకి వచ్చాక పద్ధతి మారుతుంది. ఎఫ్/8, షట్టర్ 1/500, ఐఎస్ఓ ఆటో. ఆటోఫోకస్ ఆపేసి మూడు మీటర్ల దగ్గర నిలపండి. రెండు మీటర్ల పైచిలుకు నుంచి దాదాపు ఐదు మీటర్ల దాకా నడిచే ప్రతి మనిషీ స్పష్టంగా పడతాడు. ఇక ఫోకస్ కోసం వెతకక్కర్లేదు, మనుషుల్ని చూస్తే చాలు.

డబ్బు ఖర్చు చేయలేనివారు కెమెరాతో వచ్చిన 18-55 లెన్సునే 35 దగ్గర తిప్పి, రింగు మీద టేపు అంటించవచ్చు. చీకట్లో కాస్త ఇబ్బందే గానీ అభ్యాసానికి లోటుండదు. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేవారు వెనకనుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. విశాఖ, కాకినాడలాంటి తేమ ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి దాచుకోండి.

కొల్లేరు పక్షులకో, క్రికెట్ మ్యాచ్‌కో ఈ లెన్స్ చాలదు, వాటికి పెద్ద టెలిఫొటో కావాల్సిందే. రెండో లెన్స్ ఎప్పుడు కొనాలో చెప్పేది మీరు తీసిన ఫొటోలే. చాలా వాటిలో వెనక్కి జరిగే చోటు లేక ఇల్లో గుడి ప్రాంగణమో తెగిపోతుంటే వెడల్పు లెన్స్ కొనండి. మనుషుల ముఖాలే మిమ్మల్ని మళ్లీ మళ్లీ పిలుస్తుంటే 85 ఎంఎం.